పై ఇంటి వాషింగ్ మిషన్

దేవుడు ఇంట్లో ఉన్నాడంటే, తాళం తీసేసరికి ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఎందుకుంటుంది? ఈ అనుమానం ఆపరేటరమ్మను ఏళ్ల తరబడి వదల్లేదు. పొద్దునా సాయంత్రమూ ప్రార్థన తప్పని మనిషి. పైకి అడిగితే దేవుడు నొచ్చుకుంటాడేమోనని మనసులోనే దాచుకుంది.

ఆసుపత్రి టెలిఫోన్ల దగ్గర ఆమె ఉద్యోగం. పొద్దస్తమానం ఎవరెవరినో ఎవరెవరితోనో కలుపుతుంది. “లైన్లో ఉండండి” అని ఎంతమందికి చెబుతుందో లెక్కలేదు. ఇంటికొస్తే ఆ మాట అనడానికి మనిషి లేదు. తల్లి ఉన్నన్నాళ్లూ “వచ్చావా?” అన్న పిలుపు ఒకటి ఉండేది. తల్లితో పాటే అదీ పోయింది.

తర్వాత వాషింగ్ మిషన్ కొంది. దాంతో ఒక ఉపాయం కనిపెట్టింది. సాయంత్రం ప్రార్థనకు బయల్దేరే ముందు నాలుగు గుడ్డలు పడేసి, మిషన్‌ను అన్నిటికన్నా ఎక్కువసేపు తిప్పే మీట నొక్కి వెళ్లేది. తిరిగొచ్చి తలుపు తీస్తే లోపల గడగడ, గలగల. ఇంట్లో ఎవరో పనిలో ఉన్నట్టుండేది. ఉతికినవే మళ్లీ ఉతికిన రోజులున్నాయి. తువ్వాళ్లు జల్లెడలయ్యాయి. నీళ్లు దండగ, కరెంటు దండగ అని ఆమెకు తెలియక కాదు.

మొన్నామధ్య వచ్చిన మెకానిక్ మిషన్ వెనక రబ్బరు పైపును వేలితో నొక్కి చూశాడు.

“అమ్మా, ఇది కప్పను మింగిన పాములా ఉబ్బింది. మార్పించండి. ఈలోగా పనైపోగానే కుళాయి కట్టెయ్యండి. ఇంట్లో మనిషి లేకుండా మిషన్ నడపకండి.”

ఇంట్లో మనిషి లేకనే కదయ్యా నడిపేది, అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది. ఉబ్బిన చోట టేపు చుట్టి ఊరుకుంది.

కింది ఇంట్లో కుట్టు అత్తయ్య ఉండేది. ఎవరికీ వరస కాదు గానీ మేడంతా అలాగే పిలిచేవాళ్లు. ఆమెకూ నా అన్నవాళ్లు లేరు. తల్లి మంచాన పడ్డ రోజుల్లో ఆ దుప్పట్లన్నీ మొహం చిట్లించకుండా చేత్తో ఉతికిచ్చింది ఆవిడే. అప్పుడు ఆపరేటరమ్మ కళ్లు తుడుచుకుంటూ, “అన్నీ సర్దుకున్నాక కూర్చోబెట్టి నా చేత్తో టీ ఇస్తానత్తయ్యా” అంది. తల్లి పోయాక సర్దుకోవడానికి ఏమీ మిగల్లేదు. టీ అలాగే ఉండిపోయింది.

కొన్నాళ్లు మెట్ల మీద ఎదురైనప్పుడల్లా “ఏమ్మా, నా టీ చల్లారిపోయిందా?” అని వేళాకోళమాడేది. తర్వాత మాటలు తగ్గాయి. ఈమధ్య తల తిప్పుకుని పోతోంది. ఎందుకో ఆపరేటరమ్మకు అంతుపట్టలేదు. ఆ మేడలో తన గడప తొక్కిన మనిషి ఆవిడొక్కతే. అడిగితే ఉన్న ఆ కాస్తా తెగిపోతుందేమోనన్న భయంతో అడగలేదు.

ఆ సాయంత్రం తాళం తీస్తే గడగడ లేదు. బుస్సుమని చప్పుడు. పైపు సరిగ్గా టేపు దగ్గరే పగిలింది. నీళ్లందక మిషన్ ఆగిపోయింది. నీళ్లు ముందు గదిలోకి పాకుతున్నాయి. ప్లగ్గు పీకుదామని పరుగెత్తబోయి గడప దగ్గరే ఆగింది. నీళ్లలో నిలబడి ప్లగ్గు ముట్టుకోవడమా? తలుపు పక్కనే, పొడి నేల మీద నిలబడి మెయిన్ స్విచ్ దించింది. ఆ తర్వాతే లోపలికెళ్లి కుళాయి బిగించింది.

బుసబుస ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, కింద ఇల్లుందని.

కుట్టు అత్తయ్య తలుపు బార్లా తీసుంది. ఫ్యాన్ రెక్కల మీదుగా నీళ్లు కారుతున్నాయి. ఆవిడ కరెంటు ఆపేసి, రేపు బడివాళ్లకివ్వాల్సిన చొక్కాలను బల్ల మీంచి కిటికీ దగ్గరికి మోస్తోంది.

“వచ్చావా తల్లీ! ఇప్పటికి తీరిందా?”

“పైపు పగిలిందత్తయ్యా. నేనిప్పుడే వచ్చాను.”

“ఇప్పుడే రావడమేంటి? ఇందాక నీళ్లు కారుతుంటే పైకొచ్చి, చెయ్యి నొప్పెట్టేదాకా తలుపు బాదాను. లోపల మిషన్ తిరుగుతూనే ఉంది.”

“ప్రార్థనకెళ్లాను.”

“గుడ్డలేసి ఇల్లు వదిలి పోతారా ఎవరైనా? నాకు చెవుల్లో పువ్వులు పెట్టకు. ఆమధ్య నాకు జ్వరమొచ్చి మాత్ర కోసం వస్తే అంతే, మిషన్ తిరుగుతోంది, తలుపు తియ్యవు. ఆ తర్వాత ఊరికే పలకరిద్దామని వచ్చినా అంతే. టీ ఇవ్వాల్సొస్తుందని లోపల నక్కిందిలే అనుకున్నా.”

ఆపరేటరమ్మ తడి చొక్కా ఒకటి చేతిలోకి తీసుకుంది. పిండబోయి, పిండలేక అలాగే పట్టుకుంది.

“ఇంటికొచ్చేసరికి చప్పుడుంటుందని వేసి వెళ్తానత్తయ్యా. అంతే.”

కుట్టు అత్తయ్య చేతిలో చొక్కాలు కిటికీ గట్టు మీద పెట్టింది. ఫ్యాన్ నుంచి చుక్కలు కింద పెట్టిన బేసిన్లో పడుతున్నాయి.

“పిచ్చిమొహమా,” అంది. “చప్పుడే కావాలంటే నా కుట్టుమిషన్ లేదూ? చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది.”

ఇద్దరూ కలిసి తడిసిన చొక్కాలు పిండి మెట్ల కమ్మీ మీద ఆరేశారు. ఒక్కొక్కటి దులిపి వేస్తూ ఆపరేటరమ్మ ఆలోచించింది. ఇన్నాళ్లూ తన తలుపు దగ్గర చప్పుడు అవుతూనే ఉందన్నమాట. వినడానికి తనే లేదు. ఈ తప్పు దేవుడి మీదికి ఎలా నెట్టాలో ఆమెకు తెలియలేదు.

“రేపు ఆ పైపు మార్పించు. మళ్లీ టేపూ గీపూ అన్నావంటే ఊరుకోను.”

“మార్పిస్తాను. ఇక ఇంట్లో ఉన్నప్పుడే వేస్తాను.”

“ఆహా! మిషన్ తిరుగుతుంటే తలుపు కొడతా. తియ్యకపోయావో, చూడు మరి.”

ఆవిడ నడుం పట్టుకుని కిటికీ పక్కన స్టూలు మీద కూలబడింది. ఆపరేటరమ్మ అడక్కుండానే వంటింట్లోకి వెళ్లింది. కిటికీలోంచి వచ్చే మసక వెలుతురులో డబ్బాలు వెతుక్కుని, స్టవ్ వెలిగించి, పాలు పొంగే దాకా అక్కడే నిలబడింది. రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి రెండు చేతులతో అందించింది.

“పైన కుళాయి కట్టేశావా?”

“కట్టేశాను.”

“అయితే కూర్చో.”

కుట్టు అత్తయ్య ఊదుకుంటూ ఒక గుక్క తాగింది.

“చక్కెర ఎక్కువేశావే!”

“ఇన్నాళ్ల వడ్డీ అత్తయ్యా.”

పై ఇల్లు చీకటిగా, ఏ చప్పుడూ లేకుండా ఉంది. కుట్టు అత్తయ్య అడుగు దాకా తాగి, ఖాళీ గ్లాసు కిటికీ గట్టు మీద బోర్లించింది.