పన్నెండో ముద్ర

ఇక్కడ కూడానా అనుకుంది పెయ్‌రోంగ్, బోధిసత్వుడి పాదాల దగ్గర, సరిగ్గా బొటనవేలి పక్కన, నల్లగళ్ల చదరపు కాగితం అతికించారు, ఫోను చూపిస్తే పుణ్యం, జనం చూపిస్తూనే ఉన్నారు, ఒక్కో ఫోను టింగుమన్నప్పుడల్లా పెట్టెలోంచి ఒక ఆడగొంతు మీ కానుక అందింది అంటోంది, మా వీధిలో ముల్లంగి దుంపలు కొన్నా ఇదే గొంతు, నరకం ఖాళీ అయ్యేదాకా నేను బుద్ధుణ్ణి కానని ఒట్టు పెట్టుకున్న స్వామి ఈయన, క్షితిగర్భుడు, పాపం ఆ ఖాళీ చేయించడమేదో ఈ కొండ మీద నుంచే మొదలుపెట్టాల్సింది, జియుహ్వా కొండ దగ్గర బస్సు దిగి గంట కాలేదు, భుజం మీద అమ్మ పసుపు సంచి జారుతోంది, నడుము కిందికి దిగనివ్వకూడదంది అమ్మ, పదకొండు గుడి ముద్రలున్న సంచి, పదకొండుసార్లు ఏడో నెల ఆఖరి రోజున, స్వామి పుట్టినరోజున, అమ్మ కింది మెట్టు నుంచి పై గుడి దాకా నడిచి వేయించుకున్న ముద్రలు, పన్నెండు నిండితే మొక్కు తీరుతుంది, పోయినప్పుడు చేతిలో పెడితే అవతలి గుమ్మం దగ్గర ఎవరూ ఆపరు, పన్నెండోదానికి మోకాళ్లు అరిగిపోయాయి, కళ్లలో పొరలు కమ్మాయి, ఇప్పుడు గంజి కూడా నాలుగు చెంచాలే, శరత్కాల పున్నమి దాకా ఉంటే గొప్పే అన్నాడు డాక్టరు, ఇవాళే స్వామి పుట్టినరోజు, పున్నమికి ఇంకా పదిహేను రోజులు, కడుపున పుట్టినవాళ్లు నడిచినా చెల్లుతుందే పెయ్‌రోంగ్, కానీ నడవాలి, బండెక్కితే కాదు, ఈ ఒక్కపని చెయ్యి, అంది అమ్మ, సరేనమ్మా అంది తను, సరే అనక ఏమంటుంది, ఎవరు నమ్మారు కనక ఇవన్నీ.

అమ్మా ఒక్క నిమిషం ఆగు, నీ నుదుట గొప్ప వెలుగుంది, అంటూ బూడిద రంగు అంగీ ఒకటి దారికి అడ్డం వచ్చింది, గుండు నున్నగా ఉంది, కాళ్లకు మాత్రం కొత్త పరుగు బూట్లు, వెలుగుంది గానీ ఇంట్లో ఒకరికి గండం కనిపిస్తోంది తల్లీ, కనిపించకేం చేస్తుంది, యాభై దాటిన ఆడది ఒంటరిగా కొండకొచ్చిందంటే ఇంట్లో ఎవరో మంచం పట్టే ఉంటారు, ఇరవయ్యేళ్లుగా బట్టలుతికే యంత్రాలు అమ్ముతోంది తను, ముందు పొగడాలి, తర్వాత భయపెట్టాలి, వెనకాలే సరుకు చూపించాలి, అదిగో చూపిస్తున్నాడు, మోచెయ్యంత లావున్న అగరుకడ్డీ, దాని మీద బంగారు రంగు డ్రాగన్, స్వామీ నీ నుదుట చెమట తప్ప నాకేం కనిపించట్లేదు అంది, అతను కోప్పడనైనా లేదు, చెమటే కదా తల్లీ, పొద్దుట్నుంచి వందమందికి చెప్పాను, నీలాంటి మొండిఘటం ఇప్పుడే తగిలింది, అని నుదురు తుడుచుకుని ఆమె వెనక వస్తున్న దంపతుల వైపు తిరిగాడు, అయ్యా ఒక్క నిమిషం, మీ నుదుట, ఛీ, దొంగ సన్యాసైనా కాస్త సిగ్గుపడతాడనుకుంటే అదీ లేదు.

మెట్లు మొదలయ్యే చోట మెట్లు కనిపించవు, ముందు కొట్లే కనిపిస్తాయి, జపమాలలు, పొగబెట్టిన పంది మాంసం, పూజ చేయించి కార్లో పెట్టుకునే బొమ్మలు, మళ్లీ జపమాలలు, రెండు కొట్ల మధ్య సందులోంచి మెట్లు పైకి పోతున్నాయి, పక్కనే కేబుల్ కారుకు పెద్ద ద్వారం, చల్లగాలి, తివాచీ, ఏడు నిమిషాల్లో పుణ్యశిఖరం అని బోర్డు, నాలుగింటికి తిరుగు బస్సు, రేపు పొద్దున కొట్టు తెరవాలి, తన మోకాలు కూడా ఏమంత బాగోలేదు, అమ్మకేం తెలుస్తుంది, అసలు ఈ చెత్తనంతా తిట్టుకుంటూ మూడు గంటలు చెమటోడ్చడం ఎవరిని ఉద్ధరించడానికి, అనుకుంటూనే వరసలో నిలబడింది, వరసలో నిలబడకుండా పోయే టికెట్టు కూడా ఉందంటే అదీ కొంది, గాజు పెట్టెలో కూర్చుని కిందికి చూస్తే మెట్ల మీద ఒక ముసలామె మూడు అడుగులకోసారి నేల మీద పడి దండం పెడుతోంది, పెయ్‌రోంగ్ చప్పున తల తిప్పుకుంది.

పై గుడిలో పొగ, తోపులాట, వెలిగించిన అగరుబత్తి రెండు ఊపిర్లు కూడా కాలకముందే ఒకడు పటకారుతో పీకి నీళ్ల బకెట్లో ముంచుతున్నాడు, తర్వాతివాళ్లకు చోటు కావాలి కదా, పుణ్యం చుయ్యిమంటోంది, ముద్రల కిటికీ దగ్గర పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఒక కుర్రాడు, అక్కా, అగరుబత్తుల కట్ట కొంటేనే ముద్ర, నేను తెచ్చుకున్నానయ్యా, తెచ్చుకున్నవి ఇక్కడ వెలిగించకూడదక్కా, కొండకి మంచిది కాదు, కొనేసింది, ఇక కొట్లాడే ఓపిక లేదు, సరిగ్గా అప్పుడే ఫోను, తమ్ముడి భార్య, వదినా సంచి పనైందా, అత్తయ్య పొద్దుట్నుంచి అదే పాట, అయిపోతోందే, సాయంత్రానికి వచ్చేస్తా, మందు వేశావా, అంటూ మడిచిన సంచి మడిచినట్టే కిటికీలోకి తోసింది, ధబ్బుమని చప్పుడు, వెనక నిలబడ్డ ముసలమ్మ భుజం మీద నుంచి తొంగిచూసి, అయ్యో పిల్లా, పాతదాని మీదే కొట్టేశాడే అంది.

ఏమయ్యా కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు, అని పెయ్‌రోంగ్ అరిచింది, కుర్రాడు గింజ తొక్క ఊసి, ఖాళీ ఎక్కడుందో మీరు చూపించాలి కదక్కా, మీ సంచి మీకే తెలియకపోతే నాకెలా తెలుస్తుంది అన్నాడు, జనం పక్కకు నెట్టేశారు, గోడవారగా నిలబడి సంచి విప్పింది, మడతలన్నీ విప్పి చూడటం ఇదే మొదటిసారి, నాలుగేసి చొప్పున మూడు వరసలు, అమ్మ సూదితో గళ్లు కుట్టుకుంది, పన్నెండో గడి ఖాళీగా ఉంది, మొదటి గడిలో కొత్త ఎరుపు పచ్చిగా మెరుస్తోంది, దాని కింద సగం చచ్చిన పాత ముద్ర, నాన్న ఇసుక పడవతో పాటు మునిగిపోయిన ఏడాదిది, అమ్మ మొదటిసారి నడిచింది అప్పుడే, డబ్బిచ్చి మరీ దాన్ని చెరిపించింది తను, కుర్రాడి మీద అసహ్యం, పటకారువాడి మీద అసహ్యం, బూట్ల సన్యాసి మీద అసహ్యం, అన్నీ తిరిగి తిరిగి తన మీదికే వచ్చి కూర్చున్నాయి, వాళ్లు చూడకుండా అమ్ముతున్నారు, తను చూడకుండా కొంది, తేడా ఏముంది.

ఆ ఏడు అమ్మ వాచిన కాళ్లతో ఇంటికొస్తే తను ఏమందో గుర్తొచ్చింది, బస్సులో పోయి ముద్ర కొనుక్కొచ్చి ఉంటావులే, నువ్వు నడిచావని ఎవరు చూశారు, అమ్మ వేణ్ణీళ్లలో కాళ్లు పెట్టుకుంటూ నవ్వింది, ఎవరూ చూడలేదే, చూడాలని ఎవరు నడిచారు, ఇప్పుడైతే అమ్మకే కళ్లు కనిపించవు, బాగా పడిందా అని అడుగుతుంది, బాగా పడిందమ్మా అంటే చాలు, కొట్లో సెలవివ్వలేదంటే నమ్మింది, బస్సు తప్పిపోయిందంటే నమ్మింది, వచ్చే ఆదివారం వస్తానంటే ప్రతి ఆదివారమూ నమ్మింది, ఇదీ నమ్ముతుంది, పోయేటప్పుడు గట్టిగా పట్టుకుని మరీ పోతుంది, ముసలమ్మను అడిగింది, అవ్వా కిందికి మెట్ల దారి ఎటు, ఎందుకు పిల్లా, ఇప్పుడే కదా ఎక్కావు, ఎక్కలేదవ్వా, అంది, అనగానే ముఖం కాలింది, ముసలమ్మ ఎడమవైపు చెయ్యి చూపించింది, కింది మెట్టు దాకా దిగి మళ్లీ ఎక్కేసరికి చీకటి పడుతుంది, ఈ కిటికీ మూసేస్తారు, మూసుకోనీ, నాలుగింటి బస్సు పోతుంది, పోనీ, రేపటి బస్సుంది, సంచి భుజం మీదికి ఎత్తుకుని మొదటి మెట్టు దిగింది, మోకాలు కలుక్కుమంది, మొదటి గడి పాడుచేశానమ్మా, పన్నెండోది ఖాళీగానే ఉంది, కానీ నడిచాను అని చెప్పాలి, అమ్మ నమ్ముతుంది, ఈసారి అది నిజం కూడా అవుతుంది.