తలుపేసెయ్ అబ్బా

అమ్మవారి పాటలో హార్మోనియం కాస్త తగ్గించి, తాళాలు కాస్త పెంచి, మునిశేఖర్ హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకున్నాడు. ఏసీ ఉన్నా చెవుల చుట్టూ చెమట. కిటికీ లేని గది, గోడల నిండా నల్లటి స్పాంజి. బయట తిరుచానూరు రోడ్డు మీద ఎండ కాస్తోందో వాన పడుతోందో లోపలున్నవాడికి తెలియదు. ఈ స్టూడియోలో చేరినప్పుడు అతనికి ఒత్తయిన జుట్టుండేది. ఇప్పుడు హెడ్‌ఫోన్లు బట్టతల మీద నిలవక జారుతుంటాయి.

మధ్యాహ్నం సుకుమార్ వచ్చాడు. ఒకప్పుడు చిత్తూరు నుంచి గిటార్లు మోసుకుని బస్సులో దిగిన రాక్ బ్యాండులో పాడేవాడు. ఇప్పుడు చెన్నైలో పేరున్నవాడు. ఆ బ్యాండు మొదటి ఆల్బం ఈ గదిలోనే తయారైంది. దాన్ని శుభ్రంగా మళ్లీ మిక్స్ చేసి విడుదల చేస్తారట. పాత ట్రాకులన్నీ ఇక్కడే ఉన్నాయి గనక మునిశేఖరే చెయ్యాలట.

మునిశేఖర్ ముఖం విప్పారింది. ఆ ఆల్బం చేసిన రోజుల్లో బతికినట్టు అతను మళ్లీ బతకలేదు. ఉన్న గది చాలక డ్రమ్ములు బయట మెట్ల కింద పెట్టించాడు. గిటారు స్పీకరు బాత్రూములో పెట్టి దుప్పటి కప్పాడు. సుకుమార్ గొంతు బొంగురుపోతే శొంఠి కాఫీ తాగించి పాడించాడు. మాతో వచ్చెయ్యమని వాళ్లు పిలిచారు కూడా. స్టూడియో యజమాని తిరుమలయ్య మాత్రం, బ్రహ్మోత్సవాల పాటలు కానిచ్చి పొమ్మన్నాడు. బ్రహ్మోత్సవాలు ఏటా వస్తాయి కదా. ఇతనూ ఏటా ఆగాడు.

అయినా ఆ ఆల్బంలో తనదంటూ ఒకటుంది. మొదటి పాటకు డ్రమ్ములు అందుకోబోతుండగా గాలికి గది తలుపు తెరుచుకుంది. "తలుపేసెయ్ అబ్బా" అని కేకేశాడు. ఆ కేక మైకులో పడింది. తుడిచెయ్యాల్సినవాడే తుడవలేదు. తలుపు మళ్లీ తెరుచుకోకుండా పాత హవాయి చెప్పు కోసి కింద బిగించాడు గానీ, కేకను అట్లాగే ఉంచాడు. ఇంటికెళ్లే వడమాలపేట బస్సులో ఆ పాట వచ్చినప్పుడల్లా, ఆ గొంతు నాదేనని పక్కవాడికి చెప్పాలనిపించేది. చెప్పేవాడు కాదు.

మునిశేఖర్ ఆ పాటే ముందు పెడితే, సుకుమార్ తలూపుతూ విని, ఒకచోట ఆపమన్నాడు.

"ఈడ ఎవుడో అరస్తా ఉండాడు సూడన్నా. తీసెయ్."

మునిశేఖర్ మళ్లీ వినిపించాడు. గుర్తుపడతాడేమోనని సౌండు కాస్త పెంచాడు కూడా.

"ఎవురిదంటావు ఆ గొంతు?"

"ఎవురిదైతే ఏమిలేన్నా. గలీజుగా ఉండాది."

మునిశేఖర్ మౌసు అందుకున్నాడు. కేకకు ముందొక గీత, వెనకొక గీత పెట్టి కోసేశాడు. చేతికి అలవాటైన పనే. సుకుమార్ సంతోషించి, భుజం తట్టి, కారెక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రం అమ్మవారి పాట సగంలోనే ఉంది. మునిశేఖర్ హెడ్‌ఫోన్లు కొక్కేనికి తగిలించి, టిఫిన్ బాక్సు తీసుకుని లేచాడు. మూల సోఫాలో తిరుమలయ్య ఫోను చూసుకుంటున్నాడు.

"పోతానన్నా."

ఇన్నేళ్లూ పొయ్యొస్తాననే అనేవాడు. ఆ తేడా తిరుమలయ్యకు తట్టలేదు. కాసేపటికి ఒంటికి వేడి తగిలి, తలెత్తకుండానే అన్నాడు.

"తలుపేసెయ్ అబ్బా, చల్లగాలంతా పోతా ఉండాది."

మునిశేఖర్ అప్పటికే రోడ్డెక్కేశాడు. బార్లా తెరిచిన తలుపు పక్కన, మెట్ల మీంచి లోపలికి పడ్డ ఎండలో, అరిగిపోయిన హవాయి చెప్పు ముక్క.