కింది వాటాకి దిగిన నొప్పి

మేస్త్రీ పొద్దున్నే లేచి చేసే మొదటి పని కుడిచెయ్యి ఎత్తి చూసుకోవడం. భుజం దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. ఆగిన చోట పుట్టే నొప్పికి, తను జారిపడ్డ పరంజానీ దాన్ని కట్టినవాణ్ణీ కలిపి తిట్టుకుంటాడు. పైకప్పులకి ప్లాస్టరింగ్ చేసేవాడికి చెయ్యి తలపైకి లేవకపోతే ఇక మిగిలేది నోరే. పడ్డ రోజునుంచీ అది మాత్రం బాగానే లేస్తోంది.

మందులు అయ్యాయి, కట్లు అయ్యాయి. చివరికి అక్క అతన్ని చీగాంగ్ అనే చైనావాళ్ళ ఊపిరి వ్యాయామం నేర్పే టీచరమ్మ దగ్గరికి, పార్కుకి లాక్కెళ్ళింది. తల్లి పోయాక పెంచింది అక్కే. ఇప్పుడు కింది వాటాలో ఉంటూ షాపులకి కర్టెన్లు కుడుతుంది. తమ్ముడు పై వాటాలో ఉంటాడు.

టీచరమ్మ బస్సు నడిపి రిటైరైన మనిషి. తొందరంటే గిట్టదు. "మెల్లగా ఊపిరి తీసుకోండి. అరచేతులు ఎదురెదురుగా, మధ్యలో బంతి ఉన్నట్టు" అనేది. కాసేపటికి ఎవరి నొప్పి వాళ్ళ చేతుల మధ్యకి బూడిదరంగు ముద్దగా దిగేది. ఒకరిది నిమ్మకాయంత, ఒకరిది కొబ్బరికాయంత. వంగి మట్టిమీద పెడితే నేల ఇంకించుకునేది. మేస్త్రీది తడి సిమెంటంత బరువు. దించిన ప్రతిసారీ చెయ్యి కాస్త ఎక్కువ లేచేది. తెల్లారేసరికి నొప్పి మళ్ళీ కొంత ఊరేది.

"మట్టిమీదే దించండి," అని టీచరమ్మ రోజూ చెప్పేది. "ఇంట్లో గచ్చుమీద పెట్టారో, కింద ఎవరుంటే వాళ్ళకి పోతుంది. తర్వాత నన్ననకండి."

వానలు పట్టుకున్నాయి. పార్కు చెరువైంది, క్లాసులు ఆగాయి. సరిగ్గా అప్పుడే సూపర్‌వైజరు ఫోన్ చేశాడు.

"సోమవారం వచ్చి చెయ్యెత్తి చూపించు. లేస్తే పని నీదే. లేదంటే ఇంకోణ్ణి చూసుకుంటా, ఏమీ అనుకోకు."

ఆదివారం మేస్త్రీ తన గదిలో నిలబడి మెల్లగా ఊపిరి తీసుకున్నాడు. పట్టుదలో, భయమో, నొప్పంతా ఒక్కసారే దిగింది. రెండు చేతులకీ ఆగనంత ముద్ద. మెట్లు దిగి వాకిట్లో మట్టిమీద పెట్టొచ్చు. కానీ వాన జోరుగా ఉంది, మెట్లు జారుతున్నాయి, మళ్ళీ పడితే ఉన్నదీ పోతుంది. పోనీ అక్క ఇంట్లో లేదేమో అనుకోవడానికీ వీల్లేదు. కింద కుట్టుమిషను టకటకలాడుతూనే ఉంది. అతను విన్నాడు. వినే, ముద్దని గచ్చుమీద దించాడు.

మిషను ఆగిపోయింది.

"ఒరేయ్, పైన ఏమైనా పడిందా?" కిందినుంచి అక్క కేకేసింది.

"ఏం లేదక్కా!"

సోమవారం చెయ్యి తలపైకి దర్జాగా లేచింది. సూపర్‌వైజరు భుజం తట్టాడు కూడా. అక్క కుడిచెయ్యి మాత్రం ఇక భుజం దాటలేదు. చుట్టుపక్కలవాళ్ళు వయసన్నారు, వాతమన్నారు. మేస్త్రీ కూడా వయసే అన్నాడు, అందరికంటే గట్టిగా. ఎండలొచ్చేసరికి అక్క మిషను అమ్మేసింది.

"నీకు తగ్గిందిగా, నన్నూ అక్కడికి తీసుకెళ్ళరా," అంది. కాదనడానికి సాకు దొరకలేదు.

అక్క శ్రద్ధగానే చేసింది. పక్కవాళ్ళ చేతుల్లోకి ముద్దలు దిగేవి, ఆవిడ చేతులు ఖాళీగా ఉండేవి. వారాలు గడిచినా అంతే. ఒకరోజు టీచరమ్మ ఆ అరచేతులు తిప్పి చూసింది.

"ఇది నీ నొప్పి కాదమ్మా. అందుకే నీ మాట వినట్లేదు. దీని సొంతదారు 'నాది' అని ఒప్పుకుంటే చాలు, వెనక్కి వెళ్ళిపోతుంది. ఎవరిదిది?"

అక్క తమ్ముడివైపు చూసింది. కోపంగా కాదు. తనంతట తనే చెప్తాడేమోనని ఆగినట్టు చూసింది. మేస్త్రీ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఒప్పుకుంటే భుజం పోతుంది, పని పోతుంది. ఒప్పుకోకపోతే ఏం పోతుందో అతనికి తెలుసు, అయినా తల ఎత్తలేదు.

"నాదేనండీ," అంది అక్క.

టీచరమ్మ నమ్మలేదు. కానీ ఆ ముఖం చూసి ఇంకేమీ అడగలేదు.

మర్నాటినుంచి అక్క పార్కుకి రాలేదు. తమ్ముడికి మాత్రం ఎడంచేత్తో కూర వండి పైకి పంపుతూనే ఉంది. ఉప్పెక్కువైందని అతను ఒకట్రెండుసార్లు అన్నాడు కూడా.