సుమంగళ డోసు

టీకా దొరకడమే గగనమైన ఆ మే నెలలో, నాందేడ్ ఇత్వారా బజారులో గిన్నెల దుకాణం నడిపే గంగారాం తెల్లవారకముందే వచ్చి టీకాలు వేసే బడి ముందు వరుసలో నిలబడ్డాడు. రెండో డోసుకు అతనికీ, భార్య సుమంగళకూ కలిపి మూడు వారాల కిందటే స్లాటు దొరికింది. సుమంగళ కరోనాతో పోయి పన్నెండు రోజులైంది. స్లాటు పోతే మళ్లీ రాదని కూతురు సాయలి అతన్ని బలవంతాన పంపింది.

పదింటికి ఎవరో నాయకుడి మనుషులు నలుగురు పక్క తలుపు నుంచి లోపలికి పోయారు. వరుస భగ్గుమంది.

"పొద్దుగాల్నుంచి మేం నిలబడ్డం, గాళ్లేంది గట్ల పోతుండ్రు?" అని ఒకాయన గేటును గుద్దాడు. గంగారాంకు కోపం రాలేదు. ఎవరిదో గొడవలా చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి నర్సు ఇద్దరి పేర్లూ పిలిచింది.

"ఆమె లేదు సిస్టర్, గుజరిపోయింది" అన్నాడు.

ఆ మాట విని వెనకున్నవాళ్లు ముందుకు తోసుకొచ్చారు. "ఆ డోసు మా అవ్వకియ్యుండ్రి!" "నాకు షుగరున్నది, నాకే ఇయ్యాలె!" పోలీసు వచ్చి వాళ్లను వెనక్కి నెట్టాడు. నర్సు ఆ డోసుకు వరుసలో అందరికన్నా వయసులో పెద్దదైన పార్వతీబాయిని లోపలికి రమ్మంది.

ఇద్దరికీ సూది వేశాక ఆమెను గంగారాం పక్కనే కూర్చోబెట్టారు.

"ఏమనుకోకు బిడ్డా" అంది తలెత్తకుండానే. "చెయ్యి బాగ నొస్తున్నది. నీకు?"

గంగారాం భుజం తడిమి చూసుకున్నాడు.

"నాకేం తెలుస్తలేదు అవ్వా."