ఏకగ్రీవం

పెనం మీద పెసరట్టు తిరగేస్తుంటే మా ఆయన రఘునందన్ వంటింటి గుమ్మంలోంచి అన్నాడు, "పదకొండింటికి బోర్డు మీటింగ్. ఆ నీలం చీర కట్టుకో, ఫోటో తీస్తారట."

జీడిమెట్లలో ఉన్న ఆ రసాయనాల కంపెనీకి ఆయన పెదనాన్న చలపతిరావుగారు చైర్మన్. బోర్డులో ఒక ఆడమనిషి ఉండి తీరాలని చట్టం అనడంతో, ఇంట్లో ఖాళీగా ఉన్నాను కదా అని మూడేళ్ళ కిందట నన్ను డైరెక్టరుగా వేశారు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివానని, పెళ్ళికి ముందు ల్యాబులో పనిచేశానని ఎవరికీ గుర్తులేదు. "ఆ గొడవలన్నీ నీకెందుకు ధరణీ, సంతకం పెట్టేసి వచ్చేయ్. పిల్ల స్కూలు నుంచి వచ్చేస్తుంది" అంటారు అత్తగారు. ఇన్నాళ్ళూ అలాగే తూంకుంటలోని ఇంటికి వచ్చేశాను.

ఆ రోజు మీటింగుకి ముందు చేతులు కడుక్కుంటుంటే, ఆఫీసు ఊడ్చే వజ్రమ్మ బాత్రూం తలుపు దగ్గరకేసి నా పక్కకొచ్చింది.

"అమ్మా, నువ్వు పెద్దోళ్లతోని కూసుంటవు గదా. గా పొడి ఆరబెట్టే గదిల గాలి లాగే ఫ్యాను ఖరాబై నెలయింది. నిన్న ఇద్దరు పడిపోయిన్రు. సూపర్‌వైజర్‌కు జెప్తే ఇంటలేడు. నా బిడ్డ వర్ష గూడ ఆడనే పనిజేస్తాంది."

ఆ పొడిలోంచి లేచే సాల్వెంటు ఆవిరి పెట్రోలులా అంటుకుంటుంది; అది నిండిన గదికి ఒక్క నిప్పురవ్వ చాలు. అది నాకు తెలుసు. తెలిసీ సంతకం పెడితే?

లోపల కాగితాలు ముందే టైపు చేసి ఉన్నాయి. భద్రతా ఏర్పాట్లు సంతృప్తికరంగా ఉన్నాయని బోర్డు ఏకగ్రీవంగా తీర్మానించిందట.

"ధరణమ్మా, అందరికీ టీలు అందాయో లేదో చూడు" అన్నారు చలపతిరావుగారు. అలవాటుగా సగం లేచి, మళ్ళీ కూర్చున్నాను.

"మామయ్యగారూ, దీనికి నేను ఒప్పుకోవడం లేదు. ఆరబెట్టే గదిలో నిన్న ఇద్దరు పడిపోయారు."

"ఎవరు చెప్పారు నీకు?"

వజ్రమ్మ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "ఫ్యాను పనిచేయడం లేదు. పదండి, వెళ్ళి చూద్దాం."

తనూ డైరెక్టరుగా నా పక్కనే కూర్చున్న రఘునందన్ టేబుల్ కింద నా మణికట్టు పట్టుకున్నాడు. "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

చెయ్యి విడిపించుకున్నాను. "లిఖితగారూ, నేను ఒప్పుకోలేదని రాసుకోండి."

కంపెనీ సెక్రటరీ లిఖిత చైర్మన్ వైపు బెదురుగా చూసింది. "రాయాల్సిందే సర్. ఒప్పుకోని డైరెక్టరు పేరు మినిట్స్‌లో ఉండాలి."

అంతవరకూ ఫోన్లు చూసుకుంటున్న మిగతా డైరెక్టర్లు ఒక్కొక్కరే తలెత్తారు. రేపేదైనా జరిగితే ఆ కాగితం అందరి మెడకీ చుట్టుకుంటుందని అర్థమైనట్టుంది, ఒకాయన సంతకానికి తీసిన పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. "ఫ్యాను బాగయ్యేదాకా ఆ గది మూయించండి" అన్నారు చలపతిరావుగారు, నా మొహం చూడకుండా.

మేం కిందికి దిగేసరికి ఆ గదిలో పనిచేసేవాళ్ళు బయటికి వస్తున్నారు. ఒక అమ్మాయి మొహానికి కట్టుకున్న చున్నీ విప్పి గుండెల నిండా గాలి పీల్చుకుంది.

కారు దగ్గర రఘునందన్ అన్నాడు, "ఇంటి పరువు తీశావు. రేపే రాజీనామా రాసి ఇచ్చేయ్."

ఇంట్లో ఎన్నాళ్ళు ఎవరూ మాట్లాడరో, అత్తగారు ఏమంటారో తలుచుకుంటూనే కారు తలుపు తీశాను.

"రాయను" అన్నాను. "వచ్చే మీటింగు కాగితాలు వారం ముందే ఇంటికి పంపమని లిఖితకి చెప్పి వచ్చాను. నా పేరు మీద."