చెవికర్ర

కర్ర ఒక కొసను ఇంజను మీద ఆనించి, రెండో కొసను ఎడమ చెవి గుంటలో పెట్టుకుని మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. మూరెడు పొడవున్న గట్టి చెక్క అది. ఇంజనుకు తగిలే కొస నూనె పీల్చి నల్లబడింది. చెవికి తగిలే కొస ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఒకే చెవిని ఆని ఉండడం వల్ల నున్నబడి, లేత పసుపు తేలి, చిన్న గుంటలా అరిగింది. ఎదుటివాడు ఏదో చెప్పబోతుంటే వినేవాడికి లేచినట్టు అతడి కనుబొమలు కాస్త పైకి లేచాయి.

"మూడో సిలిండరు దగ్గుతోంది. గొలుసు వదులైంది. మిగతావి బాగున్నాయి," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

స్టోరు గుమస్తా ఆ మాటలు కాగితం మీద ఎక్కించాడు. ఇద్దరూ ఒకే ఏడు ఈ షెడ్డులో చేరారు. ఒకడు ఇంజన్ల హోరులోనూ, ఒకడు తలుపు మూసిన సామాన్ల గదిలోనూ ముసలివాళ్ళవుతున్నారు.

"సాయంత్రానికి వేలానికి పోయే బండికి ఇంత వైద్యం దేనికిరా? కొనేవాడు తుక్కు కింద కొంటాడు."

"తుక్కయినా ఏ తుక్కో రాయాలి కదా."

నగరపాలక సంస్థ తన పాత కార్లన్నిటినీ తీసేసి కరెంటు కార్లు తెప్పిస్తోంది. మూడు నెలల్లో పన్నెండు వచ్చాయి. పాతవాటిలో చివరి తొమ్మిదీ ఈవేళ నాలుగు గంటలకు షెడ్డు దాటాలి. వాటితోపాటు మేస్త్రి సంగతీ ఈవేళే తేలాలి. ఇంజనీరు అతడి బల్ల మీద రెండు కాగితాలు పెట్టి వెళ్ళాడు. కొత్త షెడ్డులో మిగిలిన రెండేళ్ళూ తనిఖీ మేస్త్రిగా పనిచేస్తానని సమ్మతి ఒకటి, ముందుగానే విరమించుకుంటానని అర్జీ ఒకటి. సాయంత్రంలోగా ఏదో ఒకదాని మీద సంతకం కావాలి. ఏ కాగితం మీద పెట్టాలో మేస్త్రి వారం కిందటే నిశ్చయించుకున్నాడు. పని లేని మధ్యాహ్నం ఎలా ఉంటుందో అతడికి తెలియదు. తెలుసుకోవాలన్న కుతూహలమూ లేదు.

అతడిది పొట్టి ఆకారం. ఇంజన్ల మీదికి ఎప్పుడూ ఒకే పక్కకు వంగడం వల్ల ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగింది. గోళ్ళ అంచుల్లోని నలుపు ఏ సబ్బుకూ లొంగదు. అందరూ అతణ్ణి చెవిమేస్త్రి అంటారు. ఆ చెవి గురించి షెడ్డులో కథలకు కొదవ లేదు. గోడ అవతల వీధిలో పోతున్న బండిని విని దాని నీటి పంపు పోబోతోందన్నాడనీ, అన్నట్టే మర్నాడు పోయిందనీ ఒక కథ. నిజానికి మర్నాడు పోలేదు, పదహారు రోజులకు పోయింది. చెప్పినవాళ్ళు మధ్యలోని రోజులను ఎగరగొట్టారు. పుట్టుకతో వచ్చిన వరమని ఎవరైనా అంటే మేస్త్రికి చిరాకు.

"వరమూ లేదు, గిరమూ లేదు. పక్కవాళ్ళు కాసేపు నోరు మూసుకుంటే ఎవరికైనా వినబడుతుంది," అనేవాడు.

చేతికి చిక్కి బాగుపడని యంత్రమంటూ అతడి జీవితంలో ఒకటే ఉంది. అది ఇంట్లో మంచం పక్కనుండే చిన్న గడియారం. అంకెలు వెలుగుతాయి, టైము తప్పదు, కాని పొద్దున్న మోగదు. రెండుసార్లు విప్పాడు. తీగలు బాగున్నాయి, బ్యాటరీ బాగుంది. కారణం దొరక్క, చవకరకం సరుకని తేల్చి పక్కన పెట్టాడు. "పోనీలెండి, లేపడానికి నేను లేనా?" అంది భార్య. మూడేళ్ళుగా ఐదున్నరకు ఆమె చెయ్యే అతడి భుజం తడుతోంది.

తొమ్మిదో బండి మూత దించుతుండగా నాలుగో నంబరు కరెంటు కారు లోపలికి వచ్చింది. దాన్ని నడిపే డ్రైవరమ్మ నీటి పరీక్షలవాళ్ళను ఊరంతా తిప్పుతుంది. ముప్ఫయ్యేళ్ళ మనిషి. నడకలో తొందర, మాటలో అంతకు రెట్టింపు తొందర. ఈవేళ మాత్రం దిగి, తలుపు నెమ్మదిగా వేసి, కారు పక్కనే నిలబడిపోయింది. వెనకాలే ఇంజనీరు వచ్చాడు.

"మేస్త్రిగారూ, మీరే చెప్పండి ఈవిడకి. ఇది నాలుగో ఫిర్యాదు. కంపెనీవాళ్ళు వచ్చి కంప్యూటరు పెట్టి చూశారు, ఏమీ లేదన్నారు. మీ రిజిస్టరు చూశాను, మీరూ ఏమీ లేదనే రాశారు. ఇంకెవరు చెప్పాలి?"

"ఉంది సార్," అంది డ్రైవరమ్మ. "ముందువైపు నుంచి వస్తోంది. స్పీడు పెరిగాక కీచురాయి అరిచినట్టు. ఇంటికెళ్ళి పడుకున్నా చెవిలో అదే."

"కొత్త బండి పడట్లేదంటే చెప్పమ్మా, తప్పేం లేదు. బండి మీదనుంచి తీసి ఆఫీసు పనికి వేస్తాను. సాయంత్రం ఆర్డరు రాసేస్తే నీకూ హాయి, నాకూ హాయి."

ఆమె మేస్త్రివైపు తిరిగింది. "మీరు విన్నారా మేస్త్రిగారూ? నిజంగా విన్నారా?"

ఆ ప్రశ్నలో నింద లేదు. అదే అతణ్ణి ఇబ్బంది పెట్టింది.

కొత్త కార్ల రిజిస్టరులో అసాధారణ శబ్దాలకు ఒక గడి ఉంది. వచ్చిన ప్రతి కారునూ మేస్త్రి పద్ధతి ప్రకారం నడిపించి, కర్ర ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. ఏమీ లేదు. పన్నెండు గడుల్లోనూ 'లేవు' అని రాసి సంతకం పెట్టాడు. వాటికి మూగబండ్లని పేరు కూడా పెట్టాడు. ఆ పేరు షెడ్డంతా అతుక్కుంది.

"సార్, ఒక గంట ఇవ్వండి," అన్నాడు.

"మీరు లేదన్నాక గంట దేనికండీ? సరే, కానివ్వండి," అని ఇంజనీరు తన గదిలోకి వెళ్ళాడు.

మేస్త్రి కారు ముందు భాగాన్ని జాకీ మీద పైకెత్తాడు. గుమస్తాను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. డ్రైవరమ్మను పది అడుగుల దూరంలో గోడకు ముఖం పెట్టి నిలబడమన్నాడు.

"బళ్ళో అల్లరి చేసినప్పుడు మాస్టారు ఇలాగే నిలబెట్టేవారు," అంది ఆమె.

"ఆ కీచు వినబడ్డప్పుడు చెయ్యెత్తు. వినబడకపోతే ఎత్తకు. నన్ను సంతోషపెట్టడానికి మాత్రం అసలు ఎత్తకు."

ఒకసారి ఎడమ చక్రానికి చెక్క అడ్డం పెట్టి కుడిదాన్ని తిప్పించాడు. ఇంకోసారి కుడిదానికి అడ్డం పెట్టి ఎడమదాన్ని తిప్పించాడు. ఎడమది రెండుసార్లు వరసగా, కుడిది మూడుసార్లు వరసగా, వరస దొరకకుండా మార్చాడు. మోటారు రెండుసార్లూ ఒకటే, తిరిగే చక్రమే వేరు. ఏది తిరుగుతోందో గోడవైపు చూస్తున్న మనిషికి తెలిసే వీలు లేదు. ఎనిమిదిసార్లు తిప్పించాడు. కుడి చక్రం తిరిగినప్పుడు ఆమె చెయ్యి ఒక్కసారీ లేవలేదు. ఎడమ చక్రం తిరిగిన ప్రతిసారీ, అది వేగం అందుకునేసరికి, తీగ పట్టి లాగినట్టు లేచింది.

ఆఖరిసారి మేస్త్రి ఆ చక్రం దగ్గరే కూర్చుని, కర్ర ఆనించి, ఊపిరి బిగబట్టి విన్నాడు. కర్ర కొద్దిగా వణుకుతోంది. అంతే. దాని చివర తలుపు మూసిన ఇల్లు ఉన్నట్టుంది.

మోటారు ఆపించాడు. చక్రం వెనకనున్న స్ప్రింగు మీద నాలుగు వేళ్ళూ ఆనించి, రెండో చేత్తో చక్రాన్ని మెల్లగా తిప్పాడు. వేళ్ళ కింద సన్నటి ఇసుక కదిలినట్టు గరగర తగిలింది. కుడి చక్రం దగ్గర అదే పని చేశాడు. అక్కడ వేళ్ళ కింద నునుపు తప్ప ఏమీ లేదు.

"బేరింగు," అన్నాడు. "ఎడమ బేరింగు పోతోంది."

డ్రైవరమ్మ గోడమీదనుంచి చూపు తిప్పింది. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి, అది దాచుకోవడానికి నవ్వింది. "నాకు పిచ్చి పట్టిందేమో అనుకున్నాను మేస్త్రిగారూ. మా ఇంట్లోవాళ్ళు కూడా అదే అన్నారు."

గుమస్తా కారు దిగి నడుము పట్టుకున్నాడు. మేస్త్రి అతడివైపు చూడకుండా అడిగాడు.

"నీకు వినబడిందా?"

"ఆఁ."

"ఎప్పుడు?"

"మొదటినుంచీ. ఈల వేసినట్టు వస్తూనే ఉందిగా. నువ్వేదో పరీక్ష పెడుతున్నావు కదా, మధ్యలో ఎందుకని నోరు మూసుకున్నా." అని, మేస్త్రి ముఖం చూసి, గుమస్తా ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి దారి వెతుక్కున్నాడు. "పెద్దగా ఏం కాదురా. సన్నగా."

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. ప్రతి వేలునూ విడివిడిగా తుడిచాడు. తరవాత షెడ్డు వెనక, పాత టైర్ల దగ్గరకు వెళ్ళి ఇంటికి ఫోను చేశాడు.

"ఈ వేళప్పుడు ఫోనేమిటండీ? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఆ మంచం పక్క గడియారం... మోగుతుందా?"

"ఎవరు చెప్పారు?"

"మోగుతుందా, మోగదా?"

"మోగుతుంది. రోజూ ఐదున్నరకి. నేనే నొక్కేస్తాను."

"రెండుసార్లు విప్పాను కదే దాన్ని."

"విప్పారు. నేను పక్కనే కూర్చున్నాను. మీరు బిగించి చూశారు. అది ఇల్లెగిరిపోయేలా మోగుతోంది. మీరేమో 'చచ్చింది' అని పక్కన పెట్టారు. ఏం చెప్పమంటారు? చెవితో బతికే మనిషికి నేనేం చెప్పను?"

అతడు పాత టైరు మీద కూర్చున్నాడు. కిటికీ దగ్గరకు వచ్చి సన్నగా కిచకిచలాడే చిన్న పిట్టలు గుర్తుకొచ్చాయి. అవి రావడం మానేశాయని, ఊళ్ళో పొగే కారణమని, అతడు రెండు మూడేళ్ళ కిందటే తీర్మానించాడు. కొత్త కార్లు వచ్చిన రోజు ఇంజనీరు ఉపన్యసిస్తూ, పొగ తగ్గితే పిట్టలు తిరిగొస్తాయన్నప్పుడు అందరికంటే ముందు తలూపింది తనే.

"పిట్టలు?" అన్నాడు.

ఆమెకు అర్థమయింది. "వస్తున్నాయి. మానలేదు. మిగతావి ఇంటికొచ్చాక చెబుతాను. మరీ పెద్ద చిట్టా ఏం కాదులెండి," అంది.

అతడికి నవ్వొచ్చింది. అది పూర్తిగా నవ్వు కాలేదు.

లోపలికి వచ్చి రిజిస్టరు తెరిచాడు. పన్నెండు గడులు. ఎవరూ తనను అనుమానించరని అతడికి తెలుసు. నాలుగో నంబరు గడి ఒక్కటీ సరిచేస్తే డ్రైవరమ్మ గొడవ తీరుతుంది, తను మేస్త్రిగానే మిగులుతాడు. బేరింగు పట్టింది చెవిమేస్త్రేనని రేపు కొత్త కథ కూడా పుడుతుంది. దాన్ని పుట్టించడానికి గుమస్తా ఒక్కడు చాలు.

స్కేలు తీసుకుని మొదటి గడిలో 'లేవు' మీద గీత కొట్టాడు. కింద చిన్న అక్షరాలతో 'నాకు వినబడలేదు' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. రెండో గడిలోనూ అంతే. పన్నెండో గడి దాకా తొందరపడకుండా, అక్షరం వంకర పోకుండా రాశాడు. నాలుగో గడిలో ఇంకో వాక్యం చేర్చాడు: 'డ్రైవరుకు వినబడింది. ఎనిమిదిసార్లు పరీక్షించాను, ఒక్కసారీ తప్పలేదు. తక్కిన కార్లను వినగలిగినవాళ్ళ చేత మళ్ళీ చూపించాలి.'

గుమస్తా భుజం మీదుగా చదివాడు. "నీకేమైనా మతిపోయిందా? వేళ్ళతో పట్టావుగా! వేళ్ళున్నాయిగా!"

"ఆ అమ్మాయి చెబితే కదా అక్కడ వేలు పెట్టింది. ఆవిడ చెప్పకపోతే? ఊళ్ళో మిగతా పదకొండు తిరుగుతున్నాయి."

ఇంజనీరు రిజిస్టరును రెండుసార్లు చదివాడు. చెవి పరీక్ష చేయిద్దామన్నాడు, వినికిడి యంత్రం పెట్టుకోవచ్చన్నాడు, తొందరపడవద్దన్నాడు. మేస్త్రి అన్నిటికీ తలూపాడు. ఆ మాటలు అతడికి స్పష్టంగానే వినబడ్డాయి.

"పరీక్ష చేయించుకుంటాను సార్. నా కోసం. తనిఖీ సంతకం మాత్రం ఇక నాది కాకూడదు." రెండో కాగితం, ఆ విరమణ అర్జీ, తీసి సంతకం చేశాడు. "ఆవిడ ఆర్డరు సంగతి?"

"ఏ ఆర్డరండీ? రాయనే లేదు," అన్నాడు ఇంజనీరు, బల్ల మీద ఉన్న ఒక కాగితాన్ని సొరుగులోకి తోస్తూ.

నాలుగు గంటలకు పాత కార్లు బయలుదేరాయి. మేస్త్రి గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కదాన్నీ విన్నాడు. మూడో సిలిండరు దగ్గే బండి ఆఖరున పోయింది. వీధి మలుపు తిరిగినా, దాని వెనక దుమ్ము అణిగినా, గుమస్తా లోపలికి వెళ్ళిపోయినా, ఆ బొంగురు దగ్గు అతడికి వినబడుతూనే ఉంది. అది పూర్తిగా ఆగాక భోజనం డబ్బా సంచిలో వేసుకుని, డ్రైవరమ్మకు చెయ్యి ఊపి, ఎప్పటిలాగే ఎడమ పక్కకు కాస్త ఒరిగి నడుస్తూ వెళ్ళిపోయాడు. వీడ్కోలు సభ ఎప్పుడు పెట్టాలో ఎవరూ అడగకముందే గేటు దాటాడు.

కర్రను గోడకున్న మేకుకు తగిలించి వెళ్ళాడని మర్నాడు గాని ఎవరూ చూడలేదు. గుమస్తా తీసి చెవికి పెట్టుకున్నాడు, కుదరలేదు. డ్రైవరమ్మ పెట్టుకుంది, ఆమెకూ కుదరలేదు. మళ్ళీ ఆ మేకుకే తగిలించారు. ఒక కొస నల్లగా, ఒక కొస పసుప్పచ్చగా, ఆ పసుపు కొసలో ఒకే ఒక్క ఎడమ చెవికి సరిపోయే గుంటతో, కర్ర అక్కడే ఉంది.