మచ్చల్లేని పిల్లాడు

మా మిస్సోరి కొండల్లో నవంబరు చలి గట్టిగా పట్టిందంటే పందుల కోత మొదలైనట్టే. హాడ్లాక్‌ల వాకిట్లో ఆ పొద్దున కూడా తొట్టిలో నీళ్లు సలసలా మరుగుతున్నాయి. మగాళ్లు కత్తులు నూరుతున్నారు. ఆడవాళ్లు కొవ్వు కరిగించే బానలు తోముతూ, అక్కడికి రానివాళ్లందర్నీ ఆడిపోసుకుంటున్నారు.

మిగతా ఇళ్లలో వంశం పేర్లు బైబిలు మొదటి పేజీలో రాసుకుంటారు. హాడ్లాక్‌లకు ఆ అవస్థ లేదు. వాళ్ల మగపిల్లలు ముందు తరాలవాళ్లు తిన్న దెబ్బలన్నీ ఒంటి మీద వేసుకునే పుడతారు. భుజం మీద గొడ్డలి గాటు ఏమస్‌ది, తమ్ముడు వేశాడు. డొక్కలో గుంట ఎలైది, సొంత అన్న కాల్చాడు. వీపున అడ్డంగా చార జూడ్‌ది, కన్నతండ్రి గొలుసుతో బాదాడు. బయటివాళ్ల చేతిలో దెబ్బ తిన్న హాడ్లాక్ ఒక్కడూ లేడు, అదో ఘనత వాళ్లకి!

మగపిల్లాడు పుడితే పందుల కోత రోజు దాకా తల్లి తప్ప ఎవరూ ఒళ్లు చూడకూడదు. ఆ రోజు బంధువులందరి ముందూ ఇంటి పెద్దావిడ పిల్లాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, బట్టలు విప్పి, మచ్చలు ఒక్కొక్కటే పేరుపెట్టి చదువుతుంది. అప్పుడే వాడికి పొలంలో వాటా. ఆ ఏడాది వంతు ఓర్విల్ కొడుకుది. చదవాల్సింది ఓర్విల్ తల్లి టాబిత, అంటే చనిపోయిన జూడ్ భార్య.

"కానివ్వు వదినా, నీళ్లు చల్లారిపోతున్నాయి," అన్నాడు జూడ్ తమ్ముడు ఈనస్. "పిల్లాడు ముందా, పంది ముందా?"

అందరూ నవ్వారు. పిల్లాడి తల్లి లియోటా నవ్వలేదు. టాబిత గుడ్డ విప్పింది. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"తిప్పు, వీపు చూడు," అంటూ ఈనస్ ముందుకొచ్చాడు.

వీపు మీదా ఒక్క మచ్చ లేదు. అప్పుడే చిలికిన వెన్నలా ఉంది ఒళ్లంతా.

"ఏరా ఓర్విల్, ఎవడి పిల్లాడికిరా నువ్వు ఉయ్యాల చేసింది?" అన్నాడు ఈనస్.

అంతే, ఓర్విల్ లియోటా జుట్టు పట్టుకున్నాడు. బురదలో ఈడ్చుకుంటూ తొట్టి దగ్గరికి తీసుకుపోయాడు. "ఎవడే వాడు? పేరు చెప్పు!"

"నీ కొడుకేనయ్యా! దేవుడి మీద ఒట్టు, నీ కొడుకే!"

ఆమె చేతిని మోచేతి దాకా మరిగే నీళ్లలో ముంచాడు. ఆ కేకకి దొడ్లో పందులన్నీ ఒక మూలకి ముడుచుకుపోయాయి. ఈనస్ తాపీగా వచ్చి, పందుల గొంతు కోసే కత్తి ఓర్విల్ రెండో చేతిలో పెట్టాడు. "మా అన్నే ఉంటే ఈపాటికి పని అయిపోయేది."

ఓర్విల్ ఆమె తల వెనక్కి విరిచాడు.

"వదలరా దాన్ని!" టాబిత అరిచింది. "హాడ్లాక్ కానిది పిల్లాడొక్కడే కాదు, నువ్వూ కాదు!"

ఓర్విల్ చెయ్యి ఆగింది.

"జూడ్‌కి తెలిస్తే మన ఇద్దర్నీ నరికేసేవాడు. అందుకే నువ్వు పుట్టిన వారానికే పొయ్యికడ్డీ కాల్చి నీ ఒంటి మీది మచ్చలు నేనే పెట్టాను. నీ నోట్లో గుడ్డ కుక్కి మరీ పెట్టాను. గోధుమ నూర్పిళ్లకి వచ్చిన కూలీ మీ నాన్న. నా మీద ఏనాడూ గొంతెత్తని మనిషి."

"అబద్ధం!"

"వాన ముందు వీళ్ల మచ్చలన్నీ సలుపుతాయే, నీవి ఒక్కసారైనా సలిపాయా?"

సలపలేదు. చిన్నప్పట్నుంచీ బాబాయిలతో పాటు తనూ భుజం పట్టుకుని మూలిగేవాడు. అందరికీ ఉన్న నొప్పి తనకి లేదని సిగ్గుపడి మూలిగేవాడు, పాపం. లియోటా జుట్టు వదిలేశాడు.

ఈనస్ ఆ కత్తి లాక్కుని ఓర్విల్ చెంప మీద చెవి దాకా ఒక్క గీత గీశాడు. "ఇదిగో, దీంతో మొదలెట్టుకో నీ వంశం! పో మా నేల మీంచి!"

ఓర్విల్ తిరగబడతాడని అందరూ ఎదురుచూశారు. కొందరు కొట్లాటకి జాగా కూడా ఇచ్చారు. అతను రక్తం కారుతుంటే వెళ్లి బండికి కంచరగాడిదల్ని కట్టాడు.

టాబిత పిల్లాణ్ణి ఎత్తుకుని వెనక కూర్చుంది. లియోటా చేతికి పంది కొవ్వు రాసి గుడ్డ చుట్టి, ఆమెను ముందు ఓర్విల్ పక్కన కూర్చోబెట్టారు. వంతెన దాటాక ఓర్విల్ గొణిగాడు: "హాడ్లాక్ రక్తం అంటే మరుగుతూనే ఉంటుందని చెప్పి పెంచారు లియోటా. నా చేతిలో ఏముంది? ఆ రక్తమే..."

"ఆ రక్తం నీది కాదుగా," అంది లియోటా. "మరి పెళ్లయిన దగ్గర్నుంచీ నన్ను కొట్టిందెవరు?"

ఓర్విల్ బండి ఆపాడు. పగ్గాలు ఆమె కాలని చేతికిచ్చి, బండి దిగి, పక్కన నడిచాడు. కొండ అవతల ఇళ్లు కనబడేవేళకి అన్నాడు:

"నేనే."

లియోటా విన్నది. పగ్గాలు మాత్రం తిరిగి ఇవ్వలేదు.